పొదుగువాపును తట్టుకునే పెయ్యల ఎంపికకు జన్యు పరీక్ష పనికొస్తుందా?

మాది హోల్‌స్టీన్ సంకర ఆవుల చిన్న మంద. పాలకు లోటు లేదు, బాధంతా పొదుగువాపుతోనే. పాల దిగుబడికి వంశపారంపర్యత (పశువుల మధ్య తేడాల్లో జన్యువుల వల్ల వచ్చే వాటా) సుమారు 30 శాతం అంటారు గానీ, ఈ జబ్బును తట్టుకునే గుణానికి అది చాలా తక్కువ. అందుకే పాలలో సొమాటిక్ కణాల (పొదుగువాపు వస్తే పెరిగేవి, ఎక్కువగా తెల్ల రక్తకణాలు) లెక్క చూసి ఎంపిక చేస్తారు. ఆ లెక్కలు తల్లులకు నెలనెలా రాసి పెట్టాను.

ఇప్పుడు పెయ్యలకు 50కె ఎస్‌ఎన్‌పీ చిప్ పరీక్ష (డీఎన్‌ఏలో సుమారు 50 వేల చోట్ల తేడాలు చూసి పశువు గుణాల్ని అంచనా వేసేది) చేయిద్దామని ఉంది. కానీ ఆ అంచనాలు శుద్ధ హోల్‌స్టీన్ రికార్డుల మీద కట్టినవైతే, సంకర పెయ్యలకు ఎంతవరకు సరిపోతాయి? నా లెక్కల్నే నమ్ముకోవడం మేలా? బ్లాడ్ (రోగనిరోధక శక్తి లోపం), సీవీఎం (వెన్నెముక వికృతి) లాంటి జన్యు లోపాలు మోసే పశువుల్ని పట్టుకోవడానికైతే పరీక్ష దండగ కాదనే నా ఉద్దేశం. సంకర మందలో చేయించినవాళ్లుంటే చెప్పండి, ముఖ్యంగా ఆబోతు ఎంపికలో ఏం మార్చుకున్నారు?