అప్‌డేట్: 48 ఏళ్లు, మోకాళ్ల నొప్పి, ఆన్‌లైన్ ఎక్సర్‌సైజ్ క్లాసులు పనికొస్తాయా అని అడిగింది నేనే

రిప్లై ఇచ్చిన అందరికీ థాంక్స్ అండీ. మీరన్నట్టే ముందు డాక్టర్ దగ్గరికెళ్లి బీపీ, షుగర్ చూపించుకున్నా, బీఎంఐ (ఎత్తుకి తగ్గ బరువు ఉందా లేదా అని చూసే లెక్క) 31 ఉంది, అంటే బరువు బాగా ఎక్కువే, మోకాళ్లు ఇలా ఉన్నాయి కాబట్టి గెంతేవి వద్దు మిగతావి చెయ్యమన్నారు.

మొదట చేరిన లైవ్ క్లాస్ నాకస్సలు పడలేదు, పాతికేళ్ల పిల్లలతో కలిపేసి ఒకటే జంపింగ్ జాక్స్, పైగా కెమెరా ఆన్ చెయ్యాలంట, వెనకాల మా ఆయన లుంగీలో తిరుగుతుంటే కెమెరా ఏంటండీ, మానేశా. ఇప్పుడున్నది చిన్న బ్యాచ్, అందరూ మా ఈడు వాళ్లే. చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేచి కూర్చోవడం, గోడకి పుషప్స్, నీళ్ల బాటిళ్లతో చేతులకి, ఉన్నచోటే నడక. మాట్లాడగలగాలి గానీ పాట పాడలేనంత ఆయాసం రావాలి, అదీ స్పీడ్ లెక్క.

డబ్ల్యూహెచ్‌ఓ (ప్రపంచ ఆరోగ్య సంస్థ) ఇలాంటి స్పీడ్‌లో కనీసం వారానికి 150 నిమిషాలు, అది కాకుండా వారానికి కనీసం రెండు రోజులు కండరాలకి బలమిచ్చే ఎక్సర్‌సైజులు అంటుంది కదా, ఒకేసారి అక్కర్లేదు, నేను ముక్కలు ముక్కలుగానే చేస్తున్నా.

బరువు పెద్దగా తగ్గలేదు, నిజం చెప్తున్నా. నడుము కొలత తగ్గింది, మెట్లు రైలింగ్ పట్టుకోకుండా ఎక్కుతున్నా. తిండి మార్చకుండా ఎక్సర్‌సైజ్ ఒక్కదాంతో బరువు దిగడం కష్టమని ఒకావిడ రాశారు, కరెక్టే, రాత్రి అన్నం తగ్గించి పప్పు, గుడ్డు పెంచా. నెలసరి ఆగే వయసులో కండ కూడా తగ్గుతుంది కాబట్టి బాటిళ్లు మాత్రం వదలను.

ఇంకో డౌట్, రెసిస్టెన్స్ బ్యాండ్ (లాగి ఎక్సర్‌సైజ్ చేసే సాగే రబ్బరు పట్టీ) కొందామంటే ఎంత బిగువో చెప్పే రంగు ఒక్కో కంపెనీది ఒక్కోలా ఉంది, మొదట్లో ఏది తీసుకోవాలి?