అమ్మకు సంరక్షణ గృహం: దగ్గరలోని చిన్న ఇల్లా, ఊరి బయట విశాలమైన ఆవరణా?

ప్రశ్న: మియాపూర్ నుంచి ఒక కుమార్తె

మా అమ్మ వయసు 79 సంవత్సరాలు. నాన్నగారు రైల్వే గార్డుగా విజయవాడలో పదవీ విరమణ చేశారు. ఆయన పోయిన తరువాత నాలుగేళ్లుగా అమ్మ తెనాలిలోని సొంత ఇంట్లో ఒక్కరే ఉండేవారు. నిరుడు శ్రావణ మాసంలో స్నానాల గదిలో జారిపడి తుంటి ఎముక విరిగింది. శస్త్రచికిత్స తరువాత వాకర్ సాయంతో నడుస్తున్నారు. మధుమేహానికి రెండు పూటలా ఇన్సులిన్ ఇవ్వాలి. ఈ మధ్య పొయ్యి మీద పాలు పెట్టి మరచిపోవడం, భోజనం చేసిన అరగంటకే అన్నం పెట్టమని అడగడం మొదలయ్యాయి. డిమెన్షియా తొలిదశ అని వైద్యులు చెప్పారు.

అన్నయ్య డల్లాస్‌లో ఉంటారు. నేనూ మావారూ ఉద్యోగస్తులం. ఎనిమిది నెలలుగా అమ్మ మా దగ్గరే ఉన్నారు కాని, ఇంతలోనే ఐదుగురు ఆయాలు మారారు. చివరి ఆమె చెప్పకుండా వెళ్లిపోయిన రోజున అమ్మ ఇన్సులిన్ తీసుకుని, ఏమీ తినకుండా, నేను వచ్చేదాకా కుర్చీలో చెమటలు పట్టి కూర్చుని ఉన్నారు. ఇక ఇంట్లో ఉంచడం ప్రమాదమని ఆ రోజే అర్థమైంది.

రెండు చోట్లు చూశాం. ఒకటి సికింద్రాబాద్ వైపు ఇరవై మంది ఉండే మూడంతస్తుల ఇల్లు. చెట్టూ చేమా లేవు కాని లాలాగూడ రైల్వే ఆసుపత్రి దగ్గర. నెలకు 38 వేలు. రెండవది షాద్‌నగర్ దారిలో, తోట, చిన్న గుడి, విడివిడి గదులు ఉన్న పెద్ద ఆవరణ. నెలకు 45 వేలు, పైన 3 లక్షల డిపాజిట్. ఫొటోలు చూసిన అన్నయ్య రెండవదే మంచిదంటున్నారు. నేను ఎటూ తేల్చుకోలేకపోతున్నాను. అమ్మకు ఇంకా చెప్పలేదు. ఏమి చూసి నిర్ణయించాలో అనుభవం ఉన్నవారు చెప్పగలరా?

మొదటి సమాధానం: హనుమకొండ నుంచి

అమ్మా, మా నాన్నగారిని రెండేళ్లు ఇటువంటి చోటే ఉంచాను కనుక రాస్తున్నాను. మేము కూడా తోటను చూసే ఎంచుకున్నాం. వెళ్లిన ప్రతిసారీ పగలే వెళ్లాం, పగలు అంతా చక్కగానే కనిపించింది. ఒక రాత్రి మూడు గంటల ప్రాంతంలో నాన్నగారు మూత్రానికి లేచి పడిపోతే ఉదయం ఆరు గంటలకు గాని ఎవరూ చూడలేదు. ఇరవై రెండు మందికి రాత్రిపూట ఒకే ఒక్క మనిషి, ఆ మనిషి కూడా కింది అంతస్తులో పడుకునేవాడని మాకు అప్పుడు తెలిసింది. మూడు గంటల సేపు ఆయన నేల మీద ఉన్నారన్న మాట ఈనాటికీ నన్ను వదలదు.

అందువల్ల ఆ రెండు చోట్లకూ ముందుగా చెప్పకుండా రాత్రి తొమ్మిదిన్నర తరువాత ఒకసారి, తెల్లవారుజామున ఒకసారి వెళ్లండి. లోపలికి రానివ్వకపోయినా, గేటు దగ్గర ఎవరు పలికారు, ఎంతసేపటికి పలికారు అన్నది మీకు తెలుస్తుంది. రాత్రి డ్యూటీలో ఎంతమంది, ఏ అంతస్తుకు ఎవరు అని అడిగి, హాజరు పుస్తకం చూపమనండి. మంచం పక్కన గంట ఉంటే సరిపోదు, అది మోగితే ఎవరికి వినిపిస్తుందో మీరే నొక్కి చూడండి.

మరొక మాట. ఊరి బయటి ఆశ్రమానికి వారం వారం వెళ్తామనే అందరం అనుకుంటాం. నేను నెలకు ఒకసారి కంటే ఎక్కువ వెళ్లలేకపోయాను. ఆఫీసు నుంచి వచ్చే దారిలో ఒక అరగంట ఆగగలిగిన చోటైతే, ఎవరి బిడ్డలు తరచూ వచ్చి చూస్తారో అక్కడివారికి తెలుస్తుంది, వారి జాగ్రత్త కూడా అంతకు తగ్గట్టే ఉంటుంది.

రెండవ సమాధానం: వృద్ధుల వార్డులో పద్నాలుగేళ్లుగా పనిచేస్తున్న నర్సు

మీరు అమ్మగారి నేటి స్థితిని బట్టి ఇల్లు చూస్తున్నారు. డిమెన్షియా ఉన్నవారికి రెండేళ్ల తరువాతి స్థితిని బట్టి చూడాలి. ఇప్పుడు తోటలో నడవగలరు, అప్పటికి మంచం దిగలేకపోవచ్చు, మింగడం కూడా కష్టం కావచ్చు. కాబట్టి నిర్వాహకులను సూటిగా అడగవలసింది, ఆ దశలో కూడా ఉంచుకుంటారా, లేక తీసుకువెళ్లిపొమ్మంటారా అన్నది. నడిచి తిరిగేవారిని మాత్రమే ఉంచుకునే చోట్లు చాలా ఉన్నాయి. ఆ సంగతి చేరేటప్పుడు చెప్పరు.

మంచం పట్టిన వారి గది ఒకటి చూపమనండి. వారిని రెండు గంటలకొకసారి పక్కకు తిప్పి, ఆ సమయం రాస్తున్నారా లేదా చూడండి. గదిలో వాసన, దుప్పటి తడి, గోళ్లు, పెదవులు ఎండిపోవడం, ఇవి చూస్తే అక్కడి సంరక్షణ ఎలాంటిదో ఐదు నిమిషాల్లో తెలుస్తుంది.

మీ అమ్మగారి విషయంలో నాకు ఎక్కువ ఆందోళన ఇన్సులిన్ గురించే. ఇంజెక్షన్ ఇచ్చేది శిక్షణ పొందిన నర్సా, ఆయానా? ఇచ్చాక ఎంతసేపట్లో పళ్లెం ముందుకు వస్తుంది? వంట ఆలస్యమైన రోజున ఏమి చేస్తారు? తిన్నానో లేదో ఆవిడకే గుర్తుండదు కనుక మందుల చార్టులో భోజనం కూడా నమోదు కావాలి. రాత్రి రక్తంలో చక్కెర పడిపోతే చూసే గ్లూకోమీటరు, వెంటనే తీపి ఇచ్చే మనిషి అక్కడ ఉండాలి.

అమ్మగారు ఉన్నట్టుండి ఒకటి రెండు రోజుల్లో మరీ అయోమయంగా మాట్లాడితే, జబ్బు ముదిరిందని వదిలేయకుండా మూత్రపరీక్ష చేయించమనండి. ఆ వయసులో మూత్రనాళ ఇన్ఫెక్షన్ చాలాసార్లు జ్వరం లేకుండా ఈ రూపంలోనే బయటపడుతుంది. సాయంత్రమయ్యేసరికి ఇంటికి పోతానని లేచేవారికి నిద్రమందు ఇచ్చి పడుకోబెట్టే అలవాటు కొన్ని చోట్ల ఉంది. మీకు తెలియకుండా అటువంటి మందు ఇవ్వకూడదని రాయించుకోండి. మత్తులో లేచి పడితే మళ్లీ తుంటి విరుగుతుంది.

లాలాగూడ దగ్గర కావడం చిన్న విషయం కాదు. నాన్నగారి పేరు మీద పదవీ విరమణ తరువాతి రైల్వే వైద్య కార్డు ఉంటే, అందులో అమ్మగారి పేరు ఉందో లేదో ముందుగా చూసుకోండి.

మూడవ సమాధానం: ఒక ఆశ్రమవాసి, విశ్రాంత తెలుగు ఉపాధ్యాయిని

అమ్మాయీ, నా వయసు 76. మూడేళ్లుగా గోదావరి జిల్లాలో ఇటువంటి ఇంట్లోనే ఉంటున్నాను. ఇష్టపడే వచ్చాను. నీ ప్రశ్నలో నాకు బాధ కలిగించిన వాక్యం ఒక్కటే, అమ్మకు ఇంకా చెప్పలేదు అన్నది.

మా పక్క గదిలోని ఆవిడను, నాలుగు రోజులు ఉండి వద్దామని చెప్పి తీసుకువచ్చారు. ఏడాది దాటినా ఆవిడ సంచి విప్పలేదు. సాయంత్రం కాగానే చీర మార్చుకుని వరండాలో కూర్చుంటుంది. మతిమరుపు ఉన్నా ఆ మాట మాత్రం మరచిపోలేదు. మీ అమ్మకు ఇంకా తెలివి ఉంది. రెండు చోట్లకూ తీసుకువెళ్లి చూపించు, ఒకటి రెండుసార్లు మరచిపోతే మళ్లీ చెప్పు. కోపగించుకుంటుంది, ఏడుస్తుంది, పడాలి. ముందు పది రోజులు డబ్బు కట్టి ఉంచడానికి ఒప్పుకుంటారేమో అడుగు. ఒప్పుకోని చోటును నేనైతే నమ్మను.

ఫొటోల్లో కనబడనివి కొన్ని ఉన్నాయి. పనివాళ్లకు తెలుగు వస్తుందా? దాహం అన్న మాట అర్థం కాని మనిషి రాత్రంతా పక్కన ఉన్నా లాభం లేదు. స్నానం చేయించేది ఆడవాళ్లేనా? తలుపు తట్టి లోపలికి వస్తారా? పెరుగన్నం పలచగా మజ్జిగలా పోస్తారా, పెరుగు వేస్తారా? అందరితో కలిసి నువ్వు అక్కడ ఒక పూట భోంచెయ్యి, ఆఫీసు గదిలో పెట్టే కాఫీ తాగి రాకు.

నాలుగవ సమాధానం: కాగితాల విషయం

చెల్లెమ్మా, ఒప్పందం చదవకుండా డిపాజిట్ కట్టవద్దు. అమ్మగారు ఆసుపత్రిలో చేరినా, మరణించినా, మీకు నచ్చక తీసుకువచ్చినా ఎంత, ఎన్ని రోజుల్లో తిరిగి ఇస్తారో అందులో అంకెల్లో ఉండాలి. డైపర్లు, ఫిజియోథెరపీ, ప్రత్యేక ఆయా ఆ 38 వేలలో ఉన్నాయా, విడిగానా అన్నది కూడా రాయించుకోండి. నమోదైన ధార్మిక సంస్థ 60 ఏళ్లు దాటినవారికి నడిపే ఆశ్రమంలో వసతి, భోజనం, నిర్వహణ కలిపి నెలకు 25,000 రూపాయల వరకు జీఎస్టీ మినహాయింపు ఉంది. మీరు చెప్పిన మొత్తాలు దానిని దాటాయి కనుక పన్ను కలిపి చెప్పారా అని అడగండి.

70 ఏళ్లు నిండినవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా 2024 అక్టోబరు నుంచి ఆయుష్మాన్ భారత్ కింద ఏడాదికి 5 లక్షల వరకు ఆసుపత్రి వైద్యం ఉంది. అది ఆశ్రమం ఖర్చుకు వర్తించదు. కుటుంబ పెన్షన్ కోసం నవంబరులో ఇచ్చే జీవన ప్రమాణ పత్రం ఫోనులో ముఖం చూపి చేయవచ్చు. 80 నిండాక అక్టోబరు నుంచే ఇవ్వవచ్చు.

తెనాలి ఇంటిని ఇప్పుడు ఎవరి పేరా మార్చవద్దు. తప్పనిసరి అయితే, అమ్మగారి పోషణ చూడాలన్న షరతు గిఫ్ట్ దస్తావేజులోనే రాయించండి. తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ, సంక్షేమం కోసం చేసిన 2007 చట్టంలోని 23వ సెక్షన్ కింద ఆ బదిలీని రద్దు చేయించాలంటే షరతు ఉండాలని సుప్రీంకోర్టు 2022 డిసెంబరులో చెప్పింది. ఆశ్రమంలో నిర్లక్ష్యం జరిగితే వృద్ధుల హెల్ప్‌లైన్ 14567కు ఫోను చేయవచ్చు.

ప్రశ్న అడిగినవారి మాట, మూడు వారాల తరువాత

అందరికీ నమస్కారం. రాత్రి పదింటికి రెండు చోట్లకూ వెళ్లాను. షాద్‌నగర్ దారిలోని ఆవరణలో కాపలాదారు తప్ప ఎవరూ పలకలేదు. సికింద్రాబాద్ ఇంట్లో ఆడమనిషి తలుపు తీసింది, పై అంతస్తులో మరొకరు మెలకువగా ఉన్నారు. మంచం పట్టినవారిని కూడా ఉంచుకుంటామని రాసి ఇచ్చారు. అన్నయ్యతో ఫోనులో గంటసేపు వాదించవలసి వచ్చింది.

అమ్మకు చెప్పాను. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడవ రోజు, అక్కడ తులసికోట పెట్టుకోనిస్తారా అని అడిగారు. డాబా మీద కుండీ పెట్టుకోవచ్చన్నారు, అయితే మెట్లెక్కలేరు కనుక గది కిటికీ దగ్గర పెట్టడానికి ఒప్పించాను. సోమవారం నుంచి పది రోజులు ఉండి చూస్తారు. మొదటి రెండు రాత్రులు నేనూ అక్కడే పడుకుంటాను.