ఎయిర్ రైఫిల్ పేల్చగానే స్ప్రింగ్ జింగుమంటోంది, ఏం చేయాలి?

రాజాం నుంచి:
నా దగ్గర 4.5 ఎంఎం బ్రేక్ బారెల్ ఎయిర్ రైఫిల్ ఉంది, అంటే బారెల్‌ను కిందికి వంచి స్ప్రింగ్ ఎక్కించే రకం. డయానా 35 అనే పాత జర్మన్ రైఫిల్ పద్ధతిలో మన దేశంలోనే తయారైంది, సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. పెరట్లో 10 మీటర్ల దూరంలో అట్టముక్క పెట్టి గురి చూసి కొడుతుంటాను. ట్రిగ్గర్ నొక్కగానే జింగుమని ఒకటే మోత, చెంప దగ్గర వణుకు. చప్పుడు ఎక్కువగా ఉందని పక్కింటివాళ్లు కూడా అంటున్నారు. సిలిండర్‌లో కుట్టుమిషన్ నూనె రెండు చుక్కలు వేస్తే పోతుందని తెలిసినాయన చెప్పారు. వేయొచ్చా? లేక స్ప్రింగే మార్చేయాలా?

పార్వతీపురం నుంచి:
ఆ నూనె మాత్రం వేయకు తమ్ముడూ. స్ప్రింగ్ తోస్తే పిస్టన్ సిలిండర్‌లో దూసుకొచ్చినప్పుడు దాని ముందున్న గాలి ఒక్కసారిగా నలిగి బాగా వేడెక్కుతుంది. అక్కడ నూనె ఉంటే డీజిల్ ఇంజిన్‌లో జరిగినట్టే అంటుకుంటుంది. మోత తగ్గడం అటుంచి, ఠప్పుమని ఇంకా పెద్ద చప్పుడొస్తుంది, బారెల్లోంచి పొగ కూడా. అలాగే కాలుస్తూ పోతే పిస్టన్ ముందు గాలి పోకుండా ఆపే సీలు పాడవుతుంది, స్ప్రింగ్ కూడా విరగొచ్చు. పెల్లెట్, అంటే సీసం గుండు, పెట్టకుండా ఉత్తినే పేల్చే అలవాటుంటే అదీ మానెయ్. ఎదురుగా గాలి ఆపకపోతే పిస్టన్ నేరుగా సిలిండర్ చివర గుద్దుకుంటుంది.

విజయనగరం నుంచి, లేత్ పని చేసే ఒకాయన:
బాబూ, నీకు వినిపించేదీ పక్కింటివాళ్లకు వినిపించేదీ ఒకే చప్పుడు కాదు. నీ చెంప తుపాకీ కట్టెకు (చెక్క భాగానికి) ఆనుకుని ఉంటుంది కాబట్టి స్ప్రింగ్ మోత ఎముక గుండా నీ చెవికెక్కుతుంది. పక్కకు అంత వినపడదు. వేరేవాళ్లను కాల్చమని నువ్వు దూరంగా వాళ్ల వెనక నిలబడి విను, తేడా నీకే తెలుస్తుంది. పక్కింటికి వెళ్లే చప్పుడులో పెద్ద వాటా పెల్లెట్ వెళ్లి తగిలేచోటిదే అయ్యుంటుంది. నీ అట్టముక్క వెనక ఏముంది? రేకుంటే తీసెయ్. లోతైన చెక్కపెట్టెలో పాత బట్టలు గట్టిగా కుక్కి, వెనక మందపాటి పలక వేసి పెట్టు. చప్పుడు అక్కడే సగం చస్తుంది, సీసం ముక్కలు ఎగిరి రావు. అయినా కళ్లద్దాలు పెట్టుకునే కాల్చు.

ఇక తుపాకీ సంగతి. విప్పే ముందు కట్టెకున్న స్క్రూలు చూడు. ముందు రెండు పక్కలా ఉన్నవీ, ట్రిగ్గర్ గార్డు దగ్గరిదీ. ఈ రైఫిల్ మొదట వెనక్కి తంతుంది, పిస్టన్ ఆగగానే ముందుకు లాగుతుంది. ఆ రెండు కుదుపులకూ స్క్రూలు వదులవుతూనే ఉంటాయి. సరిపడే స్క్రూడ్రైవర్‌తో బిగించు, చెక్క నలిగేంత బలం పెట్టకు.

అయినా మోత తగ్గకపోతే అది స్ప్రింగ్‌దే. స్ప్రింగ్ లోపల గైడ్ అనే కడ్డీ ఉంటుంది, బయట పిస్టన్ గోడ ఉంటుంది. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన గైడ్ చాలావాటిలో వదులే. పిస్టన్ ఆగాక స్ప్రింగ్ ఆ ఖాళీలో కొట్టుకుంటూ మోగుతుంది. బాగున్న స్ప్రింగ్ మార్చినా ఆ ఖాళీ అలాగే ఉంటుంది, డబ్బు దండగ. నలుపు రంగులో తారులాంటి చిక్కటి గ్రీజు స్ప్రింగ్‌కి పలచగా రాస్తే మోత బాగా అణుగుతుంది. ఎక్కువ రాస్తే పెల్లెట్ వేగం పడిపోతుంది. నన్నడిగితే గ్రీజు తాత్కాలికం, గైడ్ సరిచేయడమే అసలు మందు.

ఆమదాలవలస నుంచి:
మాస్టారు చెప్పినదానికి ఒకటి కలుపుతాను. కాక్ చేయకపోయినా, అంటే బారెల్ వంచి పేల్చడానికి సిద్ధం చేయకపోయినా, లోపల స్ప్రింగ్ నొక్కుకునే ఉంటుంది. చేత్తో అదిమిపట్టి, వెనక భాగాన్ని ఆపే పిన్నులు తీస్తే వెనక భాగం ఎగిరొచ్చి మొహాన కొడుతుంది. ముందు పెల్లెట్ లేదని చూసుకో. తర్వాత సిలిండర్‌ను పొడవాటి బిగింపు చట్రంలో పెట్టి, వెనక నుంచి స్క్రూతో నొక్కి ఉంచి పిన్నులు తీసి, మెల్లగా వదలాలి. ఆ చట్రం లేకపోతే అసలు విప్పొద్దు. డయానా 35 రకంలో ట్రిగ్గర్ దగ్గర చిన్న ఉక్కు బంతులుంటాయి, కింద గుడ్డ పరుచుకుని విప్పు. పొందూరు ఖద్దరు పాత పంచె ముక్క అయితే తుడవడానిక్కూడా పనికొస్తుంది.

రాజాం నుంచి:
థాంక్యూ మాస్టారూ, అన్నా. అట్టముక్క వెనక రేకే ఉంది. తీసేసి చెక్కపెట్టె పెట్టాను, పక్కింటివాళ్ల గొడవ దాదాపు తీరినట్టే. ముందు స్క్రూ ఒకటి నిజంగానే వదులుగా ఉంది. చెంప దగ్గర మోత మాత్రం ఇంకా ఉంది. విజయనగరం వచ్చి గైడ్ చేయించుకుంటాను. నైలాన్‌తో చేస్తారా? బారెల్ చివర సైలెన్సర్ లాంటిది కూడా పెట్టమని ఒకతను అంటున్నాడు.

విజయనగరం నుంచి, లేత్ పని చేసే ఒకాయన:
దాని జోలికి పోకు. 1959 నాటి ఆయుధాల చట్టం తుపాకీ శబ్దం తగ్గించే సామగ్రిని కూడా తుపాకీ లెక్కలోనే వేసింది. పైగా నీ మోత బారెల్ చివరిది కాదు.

నైలాన్ తేమ పీల్చి ఉబ్బుతుంది, మన సముద్రపు గాలికి అది నప్పదు. డెల్రిన్ అనే గట్టి ప్లాస్టిక్ కడ్డీ మేలు. వచ్చేటప్పుడు స్ప్రింగ్, పాత గైడ్, పిస్టన్ మూడూ తీసుకురా, కొలత నోటితో చెబితే కుదరదు. స్ప్రింగ్ నొక్కుకున్నప్పుడు చుట్ల వ్యాసం కొంచెం పెరుగుతుంది. అందుకే వదిలేసి ఉన్నప్పుడు గైడ్ మీదికి తిప్పుతూ ఎక్కించాల్సినంత బిగువు ఉండాలి. స్ప్రింగ్ పెరిగినా పట్టకుండా పిస్టన్ గోడ వైపు మాత్రం కాస్త సందు ఉంచాలి. ఆ సందు మరీ ఎక్కువగా ఉంటే పలచటి ప్లాస్టిక్ షీటు చుట్టి పిస్టన్ లోపల దూరుస్తాం. స్ప్రింగ్ చివరలు గరుకుగా ఉంటే నునుపు చేస్తాం, ఎందుకంటే నొక్కినప్పుడు అది మెలి కూడా తిరుగుతుంది.

సీలు తోలుదా, ప్లాస్టిక్‌దా కూడా చూస్తాను. తోలుదై ఎండిపోయి ఉంటే అదొక్కటే పిస్టన్ గుద్దుడు పెంచుతుంది.

పార్వతీపురం నుంచి:
బిగించాక కాల్చేటప్పుడు ముందు చేత్తో గట్టిగా పట్టకు తమ్ముడూ, అరచేతిలో ఊరికే ఆనించు. బల్లమీదో గోడమీదో నేరుగా పెట్టి కాలిస్తే కుదుపంతా తిరిగి తుపాకీకే తగిలి గురి ఒక్కోసారి ఒక్కోచోటికి పోతుంది.

రాజాం నుంచి:
సరే అన్నా. మాస్టారూ, ఆదివారం షాపు తీసుంటుందా?

విజయనగరం నుంచి, లేత్ పని చేసే ఒకాయన:
మధ్యాహ్నం దాకా ఉంటాను. రైఫిల్ మొత్తం బస్సులో మోసుకురాకు, ఆ మూడు సామాన్లు చాలు. విప్పే చట్రం లేకపోతే ముందు ఆమదాలవలస ఆయన్ని అడుగు.