విలన్ తప్పించుకోవాలని డీఎం లెక్క మార్చొచ్చా? (స్ట్రాడ్ గొడవ)

తెర_వెనక:
మా ఇంట్లో ఆదివారం సాయంత్రాలు ఆట. నలుగురు ప్లేయర్లు, డీఎం (డన్జన్ మాస్టర్, అంటే కథ నడిపి విలన్లని ఆడించేవాడు) నేను. ఆడుతున్నది పాచికలు వేస్తూ తలా ఒక పాత్ర పోషించే డన్జన్స్ అండ్ డ్రాగన్స్‌లో 2016లో వచ్చిన ‘కర్స్ ఆఫ్ స్ట్రాడ్’ అనే కథల పుస్తకం. తెలియనివాళ్లకి రెండు ముక్కలు: చుట్టూ పొగమంచు కమ్మిన బరోవియా అనే లోయ. దాన్ని ఏలేది స్ట్రాడ్ వాన్ జారోవిచ్ అనే రక్తపిశాచి దొర. లోయలో అడుగుపెట్టినవాళ్లు అతని పని పట్టేదాకా బయటపడలేరు.

వల్లాకి ఊళ్లో సెయింట్ ఆండ్రల్ చర్చి ఉంటుంది. దాన్ని పిశాచాల నుంచి కాపాడే ఆ సెయింట్ ఎముకలు దొంగతనానికి గురవుతాయి. మావాళ్లు ఆ సంగతి పట్టించుకోలేదు, ఆ రాత్రి స్ట్రాడ్ నేరుగా చర్చిలోకి వచ్చాడు. కాసేపు వణికించి వెళ్లిపోతాడని నా ప్లాన్. అతని మీద దెబ్బ వేసిన మా పాలడిన్‌కి (దైవబలమున్న యోధుడి పాత్ర) ఇరవై ముఖాల పాచిక మీద 20 పడింది, అంటే క్రిటికల్. రెండో లెవెల్ స్మైట్‌కి (దైవబలంతో వేసే అదనపు దెబ్బ) మూడు డీ8లు (ఎనిమిది ముఖాల పాచికలు), ఎదురుగా ఉన్నది పిశాచి గనక ఇంకొకటి, క్రిటికల్ గనక మొత్తం రెట్టింపు. ఎనిమిది డైస్ అతని దగ్గర లేక పక్కవాళ్లవి అడిగి తీసుకుని, రెండు దోసిళ్లలో గలగలలాడించి, ఊది మరీ వేశాడు. స్మైట్ ఒక్కటే 47.

నా కాగితం మీద స్ట్రాడ్‌కి మిగిలిన హెచ్‌పీ (ప్రాణబలం) 11. తర్వాతి వంతు రోగ్‌ది (దొంగ పాత్ర). 19 దెబ్బ కొట్టింది. నేను డీఎం ముందుండే అడ్డ (స్క్రీన్) వెనక 11ని రబ్బరుతో చెరిపి 31 చేసి, “ఇంకా నిలబడే ఉన్నాడు” అన్నాను. తన వంతు రాగానే గబ్బిలమై ఎగిరిపోయాడు.

అందరూ వెళ్లాక టేబుల్ సర్దడానికి సాయం చేసింది రోగ్ ఆడే అమ్మాయే. ఆ కాగితం తన చేతికే దొరికింది. చెరిపినా 11 లీలగా కనిపిస్తూనే ఉంది. ఏమీ అనలేదు. మర్నాడు గ్రూపులో “కథ మీరు రాసుకోండి, పూర్తయ్యాక వచ్చి వింటా” అని ఒక్క మెసేజ్. రెండు ఆదివారాలుగా రావట్లేదు.

ఐదో లెవెల్ వాళ్ల చేతిలో స్ట్రాడ్ చర్చిలోనే చచ్చిపోతే మిగతా పుస్తకం ఏం చేసుకోవాలి? నేను చేసింది తప్పా?

ఇరవై_ముఖాలు:
తప్పే. మీ పాచికలకీ శకుని పాచికలకీ తేడా ఏముంది? ఆయన తనకి కావాల్సిన అంకె పడేలా చేసుకున్నాడు, మీరు పడ్డ అంకెని చెరిపేశారు. పైగా పాలడిన్ ఎనిమిది డైస్ ఊది వేస్తుంటే మీరూ నవ్వుతూ చూసే ఉంటారు.

పాత_అటక:
మరీ అంత తిట్టక్కర్లేదు. గేరీ గైగాక్స్ 1979 నాటి డన్జన్ మాస్టర్స్ గైడ్‌లోనే, అవసరమైతే పాచికల మాట తోసిపుచ్చే హక్కు డీఎంకి ఉందని రాశాడు. 2014 గైడ్ కూడా స్క్రీన్ వెనక ఫలితం మార్చుకోవచ్చనే అంటుంది. మరీ తరచుగా వద్దు, చేస్తున్నట్టు తెలియనివ్వొద్దు అని రెండు షరతులు పెట్టింది. మీరు తప్పింది రెండో షరతు.

గోల్కొండ_గాబ్లిన్:
దొరకకుండ చెయ్యమని చెప్పుడు దొంగకిచ్చే సలహా గాదా అన్నా? ఆ పిల్ల రోల్ చేసింది, తగిలింది, అయిపోయింది. పుస్తకం ఖరాబైతదని మీరెందుకు పరేషాన్ అయితున్నరు? పుస్తకం పైసలు మీయి, ఆట అందరిది.

పాత_అటక:
ఆట అందరిదే, కాదనను. కానీ అది ఒక్క రాత్రి ఆట కాదు కదా. నలుగురి పద్నాలుగు ఆదివారాలు పోశారు. విలన్ మొదటి అంకంలోనే పడిపోయిన నాటకానికి చివరిదాకా ఎవరు కూర్చుంటారు? దుర్యోధనుడి పద్యాలకి వన్స్‌మోర్ కొట్టిన జనం మనం.

ఏడు_సముద్రాలు:
ఒక్క ప్రశ్న. అసలు 11 నుంచి 19 తీసేస్తే స్ట్రాడ్ చచ్చిపోతాడని మీకెవరు చెప్పారు? అతని పేజీలో మిస్టీ ఎస్కేప్ చదవండి. హెచ్‌పీ సున్నా అయితే కూలడు. ఎండలోనో పారే నీళ్లలోనో లేకపోతే పొగమంచుగా మారిపోతాడు. రెండు గంటల్లో తన శవపేటిక చేరుకోవాలి. చేరితే గంట తర్వాత ఒక్క హెచ్‌పీతో లేస్తాడు, చేరకపోతే పోయినట్టే.

చిన్నప్పుడు విన్న మాయల ఫకీరు కథే ఇది. ఎన్ని పోట్లు పొడిచినా చావడు, ప్రాణం ఏడు సముద్రాల అవతల చిలకలో ఉంటుంది. ఇక్కడ ఆ చిలక శవపేటిక. మీరు రబ్బరు తీసినప్పుడు చిలక క్షేమంగానే ఉంది, మీకే గుర్తులేదు.

తెర_వెనక:
చంపేశారు. పేజీ ఇప్పుడే తీశాను. ఉంది.

ఏడు_సముద్రాలు:
అదీ సంగతి. ఆ అమ్మాయి దెబ్బకి స్ట్రాడ్ మనిషి ఆకారం పోయి పొగై కిటికీలోంచి పాకుతూ పోతుంటే ఊరంతా చూసేది. మీ విలన్ మీకు దక్కేవాడు, ఆ అమ్మాయి దెబ్బ ఆ అమ్మాయికి దక్కేది.

లెక్కల_మాస్టారు:
అంత తేలిక కాదు. పొగగా ఉన్నప్పుడు వేగం రౌండుకి 20 అడుగులు. వేరే పనేదీ చేయలేడు కాబట్టి డాష్ (అదనపు పరుగు) కూడా లేదు. నిమిషానికి 10 రౌండ్లు, రెండు గంటలకి 1,200. మొత్తం 24,000 అడుగులు, అంటే నాలుగున్నర మైళ్లు, మన లెక్కలో ఏడు కిలోమీటర్ల చిల్లర. వల్లాకి నుంచి పేటిక ఉన్న స్ట్రాడ్ కోటకి మ్యాప్ మీద స్కేలు పెట్టి కొలవండి. దూరం అంతకు మించితే దొరగారు దారిలోనే ఆరిపోతారు. పుస్తకం రాసినవాళ్లు ఈ లెక్క వేసినట్టు నాకనిపించదు.

ఇరవై_ముఖాలు:
అయితే ఇంకా మంచిది. ఆరిపోనివ్వండి.

పాత_అటక:
లేదా ఊరికి దగ్గర్లో ఇంకో శవపేటిక ఉందనుకోవాలి. తన రాజ్యంలో ఒక్కటే పెట్టుకుని కూర్చునేంత తెలివితక్కువవాడా స్ట్రాడ్?

గోల్కొండ_గాబ్లిన్:
ఇగో, మళ్ల రబ్బరు దీసిండు. మొన్న హెచ్‌పీ, ఇయ్యాల శవపేటిక.

పాత_అటక:
రెండూ ఒకటి కాదు బాబూ. సెషన్‌కి ముందు నా నోటుబుక్కులో “వల్లాకి దగ్గర గుడిసె కింద రెండో పేటిక” అని రాసుకుంటే అది విలన్ ముందుచూపు. ప్లేయర్లు తవ్వి కనిపెట్టొచ్చు, తగలబెట్టొచ్చు.

ఇరవై_ముఖాలు:
ముందు రాసుకుంటే సరే. మీరిప్పుడు చెప్తున్నది దెబ్బ పడ్డాక రాసుకోవడం గురించి. దాన్ని కనిపెట్టే అవకాశం ఆ నలుగురికీ ఎప్పుడొచ్చింది?

మూడు_చింతపిక్కలు:
ఇంకోటి కూడా మర్చిపోయినట్టున్నారు. కోటలో హార్ట్ ఆఫ్ సారో అని ఎర్రటి స్ఫటిక హృదయం ఉంటుంది. స్ట్రాడ్‌కి తగలాల్సిన దెబ్బలు మొదట అదే తింటుంది, 50 దాకా. అతని 144 హెచ్‌పీకి అది అదనం. మీరు లెక్కలో వేశారా?

తెర_వెనక:
వేయలేదండీ. ఇక తలెత్తుకునేలా లేను.

మూడు_చింతపిక్కలు:
అంటే 19 పడ్డాక కూడా అతనికి 42 మిగలాలి. మీరు దొంగతనంగా ఇచ్చింది 20. పుస్తకం నిజాయితీగా 50 ఇస్తానంటే వద్దని, 20కి దొంగ అనిపించుకున్నారు!

నేను డీఎంగా ఉన్నప్పుడు విలన్ బలం కొంత టేబుల్ మీదే పెడతాను. స్ట్రాడ్‌కి రోజుకి మూడు లెజెండరీ రెసిస్టెన్సులు కదా, అంటే ఓడిపోయిన సేవింగ్ త్రోని (మంత్రాల్లాంటివి తప్పించుకోవడానికి వేసే పాచిక) గెలిచినట్టు చేసుకునే అవకాశాలు. మూడు చింతపిక్కలు అందరికీ కనపడేలా పెడతాను, వాడినప్పుడల్లా ఒకటి తీసి డబ్బాలో వేస్తాను. మూడోది తీసినప్పుడు మా విజార్డ్ ఆడే అన్నయ్య కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. తన మంత్రం వృథా అయిందని బాధపడాల్సిన మనిషి, పిక్కలు అయిపోయాయని సంబరపడ్డాడు. అదే స్క్రీన్ వెనక “తప్పించుకున్నాడు” అని మూడుసార్లు అని ఉంటే నన్ను తిట్టుకునేవాడు.

ఇరవై_ముఖాలు:
ఇది బాగుంది. ఇంకో మాట. ఈ క్యాంపెయిన్ మొదట్లోనే మేడమ్ ఈవా అనే ముసలావిడ పేకలు తీసి జోస్యం చెబుతుంది. స్ట్రాడ్‌ని ఎదిరించే మూడు వస్తువులు ఎక్కడున్నాయి, తోడు వచ్చేదెవరు, ఆఖరి పోరు కోటలో ఏ చోట, అన్నీ అందరి ముందు తీసిన ఐదు పేకలే తేలుస్తాయి. 1983లో ట్రేసీ, లారా హిక్మన్ దంపతులు రాసిన మొదటి ‘రేవెన్‌లాఫ్ట్’లోనూ పేకల పద్ధతి ఉంది, అందులో స్ట్రాడ్‌కి ఏం కావాలో కూడా పేకే చెబుతుంది. రాసినవాళ్లే ముగింపుని పేకకి వదిలేస్తే, దాన్ని పట్టుకుని వేలాడటానికి మనమెవరం?

పాత_అటక:
ఆ దంపతుల కథే నా వైపు మాట్లాడుతుంది చూడండి. ఎవరి ఆటలోనో గుహలో ఓ మూల ఊరికే నిలబడ్డ రక్తపిశాచి ఎదురైతే, “వీడికిక్కడేం పని?” అని విసుగొచ్చి, పనీ పాటా ఉన్న పిశాచిని తయారు చేశారట. తమ్ముణ్ణి చంపి, తమ్ముడి పెళ్లికూతురి కోసం శతాబ్దాలుగా అఘోరిస్తున్నవాడు స్ట్రాడ్. ఆ కథంతా బయటపడకముందే ఐదో లెవెల్ రోగ్ చేతిలో పోతే అతనూ గుహలో మూలన నిలబడ్డవాడే.

గోల్కొండ_గాబ్లిన్:
కథ చెప్పాల్నంటే డిన్నర్‌కి పిలువుండ్రి. పుస్తకంల స్ట్రాడ్ పంపే ఆహ్వానం ఉత్తరమే ఉంది గదా. కూసోబెట్టి అన్నం పెట్టి చెప్పుండ్రి. కత్తి దూసిన మనిషికి కథ చెప్తనంటే ఎట్ల?

తెర_వెనక:
అప్‌డేట్. నిన్న రోగ్ అమ్మాయికి ఫోన్ చేశాను. 11 సంగతి, మర్చిపోయిన గుండె సంగతి, పొగ సంగతి మొత్తం చెప్పాను. గుండె లెక్కన చూసినా స్ట్రాడ్ బతికేవాడే అన్నాను, అక్కడ కొంచెం ఆశగా. తను అంతా విని, “ఆ రాత్రి టేబుల్ మీద గుండె లేదు కదా సార్” అంది. కాసేపాగి, “నా 19 లెక్కలోకి వస్తుందా?” అనడిగింది. వస్తుందన్నాను.

కాబట్టి ఈ ఆదివారం చర్చి సీన్ నుంచే మొదలు. స్ట్రాడ్ పొగై కిటికీ దాటాడు, రెండు గంటలు మొదలయ్యాయి. రెండో పేటిక లేదు. మ్యాప్, స్కేలు టేబుల్ మీదే పెడతాను, దూరం తనే కొలుస్తానంది.

పాత_అటక:
కొలిచాక నాలుగున్నర మైళ్లు దాటితే?

తెర_వెనక:
అదే భయం.

లెక్కల_మాస్టారు:
రోడ్డు వెంట కొలవనివ్వకండి. పొగ కొండల మీదుగా తిన్నగా పోతుంది.

ఇరవై_ముఖాలు:
మాస్టారూ, మీరు ఏ పక్షం?