తమ్ముడి మాత్ర పెరుగన్నంలో కలపొచ్చా?

టంగుటూరు అక్క:
మాది టంగుటూరు దగ్గర పల్లె. పొగాకు వేస్తాం, ఆకుని మంట వేడితో ఆరబెట్టి క్యూరింగ్ చేసే సొంత బ్యారన్ ఉంది. మా తమ్ముడికి 26 ఏళ్లు. పోయినేడు ఎవరో తనని తిడుతున్నట్టు వినబడుతోందని రాత్రిళ్లు లేచి కూర్చునేవాడు. బ్యారన్ గోడలోంచి మాటలు వస్తున్నాయనేవాడు. ఒంగోలులో డాక్టరుకి చూపిస్తే ఒలాంజపిన్ రాశారు. నెలన్నర తిరిగేసరికి ఆ మాటలు ఆగిపోయాయి. ఆ మందుకి చేతులెత్తి మొక్కాలి, అబద్ధం చెప్పను.

కానీ మనిషి మొద్దుబారిపోయాడు. క్యూరింగ్ రాత్రుల్లో మంట సర్దుతూ పాటలు పాడేవాడు. ఇప్పుడు థర్మామీటరు చూడ్డానికి వెళ్లి అక్కడే కూర్చుని నిద్రపోతున్నాడు. మంట దగ్గర నిద్ర ఎంత ప్రమాదమో బ్యారన్ ఉన్నవాళ్లకి తెలుసు. "అక్కా, నాకు బాధా లేదు, సంతోషమూ లేదు. తల మీద తడిగుడ్డ కప్పినట్టుంది" అన్నాడు.

మొన్న మంచం కింద ఊడుస్తుంటే తొమ్మిది మాత్రలు దొరికాయి. నాలుక కింద దాచి ఉమ్మేస్తున్నాడు. అమ్మ పొడి చేసి పెరుగన్నంలో కలుపుతానంటోంది. నాకు మనసొప్పడం లేదు. అలాగని మందు ఆగితే ఆ మాటలు మళ్లీ వస్తాయేమోనని భయం. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

కావలి నాన్న:
కలపమ్మా. నేను కలిపాను, చెప్పుకోవడానికి సిగ్గుపడను. మా అమ్మాయి "మందు తాగితే బుర్ర పనిచేయట్లేదు, చదివింది ఎక్కట్లేదు" అని ఏడిస్తే జాలిపడి మానేయనిచ్చాం. మూడు నెలలు బాగానే ఉంది. నాలుగో నెలలో ఇంట్లోంచి వెళ్లిపోయింది. రెండు రోజుల తర్వాత బిట్రగుంట స్టేషన్లో, చెప్పులు కూడా లేకుండా ప్లాట్‌ఫాం చివర కూర్చుని దొరికింది. ఆ రెండు రోజులు మేమెలా ఉన్నామో పగవాడికి కూడా వద్దు. ఆ తర్వాత ఏడాది పాటు సాంబారులో కలిపి పెట్టాం. ఇవాళ ఉద్యోగం చేసుకుంటోంది. మొద్దుగా ఉన్నా మనిషి కళ్ల ముందు ఉంటుంది కదా.

విడవలూరు చెరువు గట్టు:
నేను అటువైపు మనిషిని. అన్నంలో కలిపి పెడితే తిన్నవాణ్ణి.

నాకు బైపోలార్, అంటే మనసు ఒకప్పుడు అతిగా ఎగసిపడి, ఒకప్పుడు బాగా కుంగిపోయే జబ్బు. ఆరేళ్ల కిందట ఇంట్లో మజ్జిగలో కలిపేవాళ్లు. ఒకరోజు గ్లాసు అడుగున తెల్లపొడి కనబడింది. ఎవరో విషం పెడుతున్నారని అప్పటికే అనుమానంగా ఉన్న నాకు, ఆ పొడి చూశాక అది నిజమేననిపించింది. నాలుగు నెలలు అమ్మ చేతి ముద్ద తినలేదు. రొయ్యల చెరువు దగ్గర షెడ్డులో బన్నూ టీతో బతికాను. మందు పోయింది, తిండి పోయింది, నమ్మకమూ పోయింది. జబ్బు తగ్గాక కూడా అమ్మ ఏదైనా తెస్తే ముందు గ్లాసు అడుగు చూసే అలవాటు ఇంకా పోలేదు. కావలి నాన్నగారూ, మీ బాధ నాకు తెలుసు. మీ అమ్మాయికి ఈ సంగతి చెప్పారా?

టంగుటూరు అక్కా, మీ తమ్ముడు చెప్పిన ఆ తడిగుడ్డ మాట నిజం. మేమందరం ఏదో ఒక పేరుతో దాన్ని చెబుతాం. దాన్ని బద్ధకం అనకండి. ఈ జబ్బుకి నాకు లిథియం అనే మందు మొదలెట్టినప్పుడు చేతులు వణికి మేత తూకం వేయలేకపోయేవాణ్ణి, మాట వెతుక్కునేవాణ్ణి. "కొన్నాళ్లకి అదే తగ్గిపోతుంది" అన్నారందరూ. కొంత తగ్గింది, కొంత తగ్గలేదు. నాకు పనికొచ్చింది ఒక్కటే, రాసుకోవడం. మేత లెక్క రాసే పుస్తకంలోనే పక్కన రాసేవాణ్ణి: మందు ఎన్నింటికి వేశాను, నిద్ర ఎంత, ఏ పూట తల బరువుగా ఉంది. డాక్టరు దగ్గర "ఎలా ఉన్నావ్" అంటే మనం "బాగానే ఉన్నా సార్" అని వచ్చేస్తాం. పుస్తకం ముందు పెడితే ఆయన చదివి బ్లడ్‌లో లిథియం లెవెల్ చూపించమన్నారు. లెవెల్ ఎక్కువుంది. రోహిణి కార్తెలో గట్టు మీద రోజంతా చెమటలు కక్కుతూ, నీళ్లు సరిగా తాగక, నడుం నొప్పికి షాపులో డైక్లోఫెనాక్ కొనుక్కుని వేసుకున్నాను. ఈ రెండూ లిథియం లెవెల్ పెంచుతాయని నాకెవరూ చెప్పలేదు. బీపీకని ఉన్నట్టుండి ఉప్పు మానేసినా పెరుగుతుందట. లిథియం వాడేవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే, వాంతులు, విరేచనాలు, అడుగు తడబడ్డం వచ్చాయంటే ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి.

నెల్లూరు టీచరమ్మ:
నాది చిన్న విషయం. డిప్రెషన్‌కి ఎస్సిటాలోప్రామ్ వాడుతుండగా మా నాన్న పోయారు. పెన్నా ఒడ్డున కార్యం జరుగుతుంటే నాకు ఏడుపు రాలేదు. బంధువులు చూస్తున్నారు. నేనూ నన్నే చూస్తున్నాను, ఎవరో పరాయి మనిషిని చూసినట్టు. ఆ కోపంతో మర్నాటినుంచి మాత్ర మానేశాను. మూడోరోజుకి కళ్లు తిరగడం, తలలో కరెంటు షాక్ కొట్టినట్టు జివ్వుమనడం, పిల్లల మీద అరవడం. జబ్బు తిరగబెట్టిందనుకుని హడలిపోయాను. అది ఒక్కసారిగా ఆపడం వల్ల వచ్చిందని తర్వాత తెలిసింది. మళ్లీ మొదలుపెట్టి, డాక్టరు చెప్పినట్టు వారాల తరబడి కొంచెం కొంచెం తగ్గించుకుంటూ వచ్చి వేరే మందుకి మారాను. ఏడుపు తిరిగొచ్చింది. నాన్న చొక్కా పట్టుకుని ఒక మధ్యాహ్నమంతా ఏడ్చాను. అది నాకు దక్కాల్సిన ఏడుపు.

అందుకే "మనిషి కళ్ల ముందు ఉంటుంది కదా" అన్న మాట నాకు కష్టంగా అనిపించింది సార్.

కావలి నాన్న:
కష్టం కలిగితే క్షమించమ్మా. కానీ మీకు జబ్బుందని మీకు తెలుసు. మా అమ్మాయికి ఆనాడు తెలియదు. "నాకే జబ్బూ లేదు, మీకే ఉంది" అనేది. అట్లాంటి మనిషి ముందు నోట్‌బుక్ పెట్టి ఏం రాయిస్తారు? విడవలూరు తమ్ముడూ, లేదు, చెప్పలేదు. ధైర్యం చాలలేదు.

ఒంగోలు మందుల షాపు:
పద్నాలుగేళ్లుగా కౌంటర్లో ఉన్నాను. నాకు తెలిసింది చెబుతాను, వైద్యం మాత్రం డాక్టరే చేయాలి.

నాన్నగారి ప్రశ్న న్యాయమైనదే. తన జబ్బు తనకి తెలియని స్థితి ఉంటుంది. అప్పుడు కూడా ఇంట్లోవాళ్లు సొంతంగా కలపడం వేరు, డాక్టరుతో మాట్లాడి చేసేది వేరు. ఇంట్లో కలిపితే ఎంత కడుపులోకి వెళ్లిందో తెలియదు, సగం అన్నం వదిలేస్తే సగం మందు పోయినట్టే. ఆ గిన్నెలో ఇంకొకరు తినొచ్చు. నోట్లో వేయగానే కరిగిపోయే మాత్రలున్నాయి, వారాలకొకసారి వేసే ఇంజెక్షన్లున్నాయి. అడగండి. 2017 మానసిక ఆరోగ్య చట్టం 2018 మే 29 నుంచి అమల్లో ఉంది. దాని 22వ సెక్షన్ ప్రకారం, ఇచ్చే మందుకి తెలిసిన సైడ్ ఎఫెక్టులేమిటో పేషెంటుకి అర్థమయ్యే భాషలో చెప్పాలి. మళ్లీ అలాంటి పరిస్థితి వస్తే తనకి ఏ వైద్యం కావాలో, ఏది వద్దో మనిషి బాగున్నప్పుడే రాసి పెట్టుకోవచ్చు, తన తరఫున ఎవరు నిలబడాలో కూడా. నాన్నగారూ, మీ అమ్మాయి ఇప్పుడు బాగుంది కాబట్టి ఇదే సమయం.

ఇక టంగుటూరు అమ్మాయికి రెండు ప్రశ్నలు. ఒకటి, అతను ఒకచోట కూర్చోలేక కాళ్లు ఆడిస్తూ, ఇటూ అటూ తిరుగుతూ ఉంటాడా? ఈ రకం మందులతో అలాంటి నిలకడలేనితనం రావచ్చు. ఇంట్లోవాళ్లు పిచ్చి ఎక్కువైందనుకుంటారు, దానికి విరుగుడుంది. రెండోది ముఖ్యం. మీ తమ్ముడు సిగరెట్ తాగేవాడా? ఈమధ్య మానేశాడా?

టంగుటూరు అక్క:
కాళ్లు ఆడించడం లేదన్నా. సిగరెట్లు మాత్రం రోజుకి పెట్టెన్నర తాగేవాడు. సంక్రాంతికి అమ్మ ఒట్టు పెట్టించుకుంటే మానేశాడు. దానికీ దీనికీ ఏం సంబంధం?

ఒంగోలు మందుల షాపు:
చాలా ఉందమ్మా. పొగ తాగేవాళ్ల ఒంట్లో ఒలాంజపిన్ త్వరగా విరిగిపోతుంది. పొగ మానేస్తే, వేసుకునేది అదే మాత్రైనా రక్తంలో మందు పెరుగుతుంది. మత్తు, మొద్దుతనం ఎక్కువవుతాయి. కారణం నికోటిన్ కాదు, పొగే. మానేయడం మంచి పనే, మళ్లీ తాగించకండి. మాత్ర మీరు తగ్గించకండి. సంక్రాంతికి మానేశాడని, మాత్రలు ఉమ్మేస్తున్నాడని రెండూ డాక్టరుకి చెప్పండి. మొద్దుతనం మందుదా, జబ్బుదా, లేక డిప్రెషన్ తోడైందా అన్నది ఆయనే చూసి తేల్చాలి, మూడూ పైకి ఒకేలా ఉంటాయి. షుగరు, బరువు కూడా చూపించండి, ఈ మందుకి అవి పెరుగుతాయి.

అర్ధరాత్రి భయమేస్తే టెలీమానస్ అని మానసిక సమస్యలకి ప్రభుత్వ ఫోన్ సాయం ఉంది, నంబరు 14416, తెలుగులో మాట్లాడతారు. మందు పడకపోతే, మందుల సైడ్ ఎఫెక్టులు నమోదు చేసుకునే ప్రభుత్వ నంబరు 1800-180-3024కి చెప్పొచ్చు. పేషెంట్లే నేరుగా చెప్పుకోవచ్చు.

విడవలూరు చెరువు గట్టు:
అక్కా, డాక్టరు గదిలోకి మీరు కాదు, ముందు వాణ్ణి మాట్లాడనివ్వండి. తడిగుడ్డ మాట వాడి నోటితోనే చెప్పాలి.

టంగుటూరు అక్క (పన్నెండు రోజుల తర్వాత):
వెళ్లొచ్చాం. దొరికిన తొమ్మిది మాత్రలు వాడి చేతికే ఇచ్చి, తిట్టనని చెప్పి, ఎందుకు ఉమ్మేస్తున్నావని అడిగాను. చాలాసేపు మాట్లాడలేదు. "పాట గుర్తొస్తుంది గానీ పాడాలనిపించదు అక్కా. పాడాలనిపించని నేను ఎవర్ని?" అన్నాడు. అదే మాట డాక్టరు ముందు చెప్పాడు. ఆయన సిగరెట్ సంగతి విని తల ఊపి, మాత్ర 15 మిల్లీగ్రాముల నుంచి 10కి తగ్గించి, రాత్రి 8 గంటలకే వేసుకోమన్నారు. మళ్లీ పొగ మొదలుపెడితే దాచకుండా చెప్పమన్నారు. మాటలు మళ్లీ వినబడితే ఎవరికి ముందు చెబుతావని అడిగితే నా వైపు చూపించాడు.

అమ్మకి ఇంకా నమ్మకం లేదు. రోజూ వాడి నోరు తెరిపించి చూస్తానంటోంది. దాని మీద ఇంట్లో ఇంకా గొడవే. ఈ సీజన్‌కి రాత్రి కాపలా మా చిన్నాన్న చేస్తున్నాడు, వాడు తోడు మాత్రమే. నిన్న రాత్రి పాడలేదు. కానీ రెండు గంటలకి తనే లేచి వెళ్లి, థర్మామీటరు చూసి, అంకె పుస్తకంలో రాసి, పక్కన "తల కొంచెం తేలిక" అని రాశాడు.

కావలి నాన్న:
ఆదివారం మా అమ్మాయి ఇంటికొస్తోంది. సాంబారు సంగతి చెబుతాను.