జీతం లేని గృహిణికి వైద్య నిర్లక్ష్యం వల్ల నష్టం జరిగితే: కాలిఫోర్నియాలో పరిహారానికి పరిమితి ఎంత?

ప్రశ్న (ఫ్రీమాంట్ నుంచి)

నమస్కారం. ఐదు నెలల క్రితం జరిగిన భుజం ఆపరేషన్‌లో నరం దెబ్బతిని, నా భార్య కుడిచేతి వేళ్ళు పట్టు కోల్పోయాయి. ఉదయం మా అమ్మాయికి జడ వేయబోతే మూడో పాయ జారిపోతోంది. అమ్మ మళ్ళీ మొదలుపెట్టేదాకా పాప కదలకుండా కూర్చుంటోంది. హెచ్-4 వీసాపై ఉన్న ఆమెకు ఇక్కడ ఉద్యోగం చేసే అనుమతి లేదు. సంపాదన లేనివారికి చట్టం పెట్టిన పరిమితిని మించి ఏమీ రాదంటూ ఒక న్యాయవాది కేసు తీసుకోలేదు. ఆ పరిమితి మొత్తం పరిహారానికి వర్తిస్తుందా?

జవాబు (శాన్ హోసే, న్యాయవాద కార్యాలయ ఉద్యోగిని)

వర్తించదండీ. వైద్య నిర్లక్ష్య కేసుల కోసం కాలిఫోర్నియా 1975లో చేసిన మైక్రా చట్టం నొప్పి, మనోవేదన వంటి ఆర్థికేతర నష్టానికి మాత్రమే 2,50,000 డాలర్ల పరిమితి పెట్టింది. ధరలు ఎన్ని రెట్లు పెరిగినా 2022 చివరి దాకా ఆ అంకె కదలలేదు. 2023 జనవరి 1 నుంచి దాఖలయ్యే కేసుల్లో అది 3,50,000తో మొదలై, ఏటా 40,000 చొప్పున 7,50,000 డాలర్ల దాకా పెరుగుతుంది. రోగి మరణించిన కేసుల్లో 5,00,000తో మొదలై 10,00,000కు చేరుతుంది. చికిత్స ఖర్చులకు, పోయిన సంపాదనకు పరిమితే లేదు. అన్నిటికంటే ముఖ్యంగా, ఆవిడ చేస్తూ వచ్చిన వంట, పిల్లల సంరక్షణ ఇప్పుడు మరొకరితో చేయించుకోవడానికి అయ్యే ఖర్చు కూడా ఆర్థిక నష్టం కిందికే వస్తుంది. ఆ లెక్క కట్టకుండానే కేసు వద్దనడం అన్యాయమని నా అభిప్రాయం. అయితే నష్టం సంగతి తెలిసిన ఏడాదిలోపు లేదా జరిగిన మూడేళ్ళలోపు, వీటిలో ఏది ముందైతే ఆ గడువులో దావా వేయాలి. అంతకు 90 రోజుల ముందే నోటీసు పంపాలి.

జవాబు (శాక్రమెంటో, వైద్యురాలు)

1970లలో వైద్యుల బీమా ప్రీమియంలు భరించలేనంతగా పెరిగినందువల్లనే ఈ చట్టం వచ్చిందన్నది నిజం. కానీ పరిమితి భారం పడేది ఎక్కువగా జీతం చూపించలేని పిల్లల మీద, వృద్ధుల మీద, గృహిణుల మీద. వైద్యవృత్తిలో ఉన్న మేమే ఈ మాట ఒప్పుకోవాలి.

జవాబు (హైదరాబాద్, న్యాయవాది)

మన దేశంలో ఇటువంటి పరిమితి లేదు. 1990లో నిమ్స్‌లో జరిగిన శస్త్రచికిత్స తర్వాత కాళ్ళు చచ్చుబడిన ఇంజనీరింగ్ విద్యార్థికి సుప్రీంకోర్టు 2009లో కోటి రూపాయలు, దానిపై 6 శాతం వడ్డీ ఇప్పించింది. అయితే అందుకు దాదాపు 19 ఏళ్ళు పట్టింది.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. చేతికి పట్టు లేదని ఆపరేషన్ జరిగిన మర్నాడే ఆమె నర్సుకు చెప్పింది కనుక, ఏడాది గడువును ఆ రోజు నుంచే లెక్కించుకుంటున్నాము. వైద్య రికార్డులకు ఈరోజే దరఖాస్తు పెట్టాము. మరో న్యాయవాదిని సోమవారం కలుస్తున్నాము.