పెళ్లి కార్డుల సీజన్లో నీలం తెర: ఫార్మాట్ కొట్టాలా, తగువెక్కడో వెతకాలా?

డాబాగార్డెన్స్_డీటీపీ:
అన్నలూ, నాది చిన్న డీటీపీ షాపు. మాఘమాసం, కార్డుల రష్. పది రోజులుగా పేజీ సేవ్ కొట్టగానే నీలం తెర పడి సిస్టమ్ రీస్టార్ట్ అవుతోంది. రోజుకోసారి, ఒక్కోరోజు రెండుసార్లు. నిన్న ఒకే పెళ్లికూతురి పేరు మూడుసార్లు టైపు చేశాను. ఈమధ్య కొత్తగా వేసినవి రెండే: ప్రింటర్ డ్రైవరు, ఉన్న యాంటీవైరస్‌కి తోడు ఇంకో యాంటీవైరస్. రిపేరు అబ్బాయి ఫార్మాట్ ఒక్కటే మందంటున్నాడు. మా మేనల్లుడేమో సాఫ్ట్‌వేర్ల మధ్య గొడవ, వెతికితే దొరుకుతుందంటున్నాడు. ఎవరి మాట వినాలి?

మద్దిలపాలెం_మాస్టారు:
మేనల్లుడి మాట వినండి. ఒక ఒరలో రెండు కత్తులు పెట్టారు. మీరు సేవ్ కొట్టిన ఫైలును ఇద్దరు కాపలావాళ్లూ ఒకేసారి పట్టుకుంటారు. మామూలు ప్రోగ్రాము తప్పు చేస్తే అదొక్కటే మూసుకుంటుంది. యాంటీవైరస్ డ్రైవర్లు కెర్నెల్లో, అంటే విండోస్ గుండెకాయలో ఉంటాయి, అక్కడ తప్పు జరిగితే విండోస్ మొత్తం ఆగిపోతుంది. విండోస్‌లోనే ఉండే ఎంఎస్‌కాన్ఫిగ్ టూల్ తెరిచి, మైక్రోసాఫ్ట్ సర్వీసులు కనపడకుండా టిక్ పెట్టి, మిగిలిన సర్వీసులన్నీ, అంటే వెనకాల నడిచే ప్రోగ్రాములన్నీ ఆపండి. క్రాష్ ఆగితే సగం ఆన్ చేయండి, తర్వాత దొంగ ఉన్న సగంలో మళ్లీ సగం. నలభై సర్వీసులున్నా ఆరు రీస్టార్టుల్లో దొంగ దొరుకుతాడు. ఇంకో మాట, మీ తెర మీద కుడివైపు కింద మూల ఏమైనా అక్షరాలున్నాయా?

సముద్రపుగాలి:
అదేం కాదు. మన వైజాగ్ ఉప్పుగాలికి ర్యామ్ పిన్నులు నల్లబడతాయి. తీసి పెన్సిల్ రబ్బరుతో రుద్ది పెట్టండి.

సర్వీస్_బెంచ్_గాజువాక:
మాస్టారూ, లెక్క బాగుంది. కానీ ఈయన సిస్టమ్ క్రాష్ అయ్యేది రోజుకోసారి. ఒక సగం ఆపాక నీలం తెర రాలేదంటే నయమైందనా, ఇంకా టైమవలేదనా? ఒక్కో సగానికీ కనీసం ఒకరోజు కాయాలి. మీ ఆరు రీస్టార్టులు ఆరు రోజులు. ఈలోపు ముహూర్తాలు అయిపోతాయి. పైగా సర్వీసు ఆపినంత మాత్రాన దాని డ్రైవరు ఆగదు. డేటా కాపీ చేసి, ఫార్మాట్ కొట్టి, సాయంత్రానికి ఇచ్చేయొచ్చు.

బీచ్‌రోడ్_బుల్లోడు:
విండోస్ 10 అయితే 2025 అక్టోబర్ 14తో దాని సపోర్ట్ అయిపోయింది. కొత్తది కొనుక్కో గురూ.

మద్దిలపాలెం_మాస్టారు:
డ్రైవరు ఆగదన్నది నిజమే, ఒప్పుకుంటున్నాను. అయితే సీ డ్రైవ్‌లో విండోస్ లోపల మినీడంప్ ఫోల్డరు చూడండి. నీలం తెర పడ్డ ప్రతిసారీ విండోస్ అక్కడ ఒక ఫైలు రాసి పెడుతుంది. ఆ ఫైళ్లు చదివే బ్లూస్క్రీన్‌వ్యూ అనే టూల్‌తో తెరిస్తే ఏ డ్రైవరు దగ్గర పడిందో పేరు కనిపిస్తుంది. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే సెక్యూరిటీ సాఫ్ట్‌వేర్ కంపెనీ అప్‌డేట్ వల్ల 85 లక్షల విండోస్ కంప్యూటర్లు పడ్డాయని మైక్రోసాఫ్టే చెప్పింది. అన్నింటికీ ఫార్మాట్ కొట్టారా? విండోస్ తప్పనిసరి డ్రైవర్లతో మాత్రమే లేచే సేఫ్ మోడ్‌లోకి వెళ్లి ఒక్క ఫైలు తీసేశారు.

సర్వీస్_బెంచ్_గాజువాక:
అది రెండు సాఫ్ట్‌వేర్ల గొడవ కాదు, ఒకే కంపెనీ చెడ్డ అప్‌డేట్. ఏ ఫైలు తీయాలో ఆ కంపెనీయే చెప్పింది. ఇక్కడ ఎవరు చెబుతారు? మీ బ్లూస్క్రీన్‌వ్యూ చాలాసార్లు విండోస్ కెర్నెల్ పేరే చూపిస్తుంది. దెబ్బ కొట్టినవాడు పారిపోతాడు, పడినవాడి పేరు రాసుకుంటుంది.

సముద్రపుగాలి:
రబ్బరుతో రుద్దారా లేదా? ముందు అది చెప్పండి.

డాబాగార్డెన్స్_డీటీపీ:
రుద్దాను సార్. మళ్లీ పడింది. ఫార్మాట్ మాత్రం నాకు కుదరదు.

మద్దిలపాలెం_మాస్టారు:
కుదరకూడదు కూడా. మా అమ్మాయి పెళ్లి ఫొటోలు డి డ్రైవ్‌లో ఉండేవి. ఒక కుర్రాడు వచ్చి 'సీ ఒక్కటే కొడతాను సార్' అని, పార్టిషన్లన్నీ కలిపేశాడు. మా ఆవిడ ఇప్పటికీ ఆల్బమ్ ఏదని అడుగుతుంది. చేతకానివాడే ఫార్మాట్ అంటాడు.

సర్వీస్_బెంచ్_గాజువాక:
చేతకానివాడా? మాటలు జాగ్రత్త మాస్టారూ. పోయినేడు ఒక ట్యుటోరియల్ సెంటర్ సిస్టమ్‌తో మూడు రోజులు కూర్చున్నాను. సౌండ్ డ్రైవరుకీ, రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌కీ పడటం లేదని పట్టుకున్నాను. ఒక్క ఫైలు మార్చాను. ఓనరు వచ్చి 'ఒక్క ఫైలుకి ఎంతేటి?' అని 300 చేతిలో పెట్టాడు. అదే ఫార్మాట్ కొడితే నోరెత్తకుండా 800 ఇస్తారు, ఎందుకంటే తెర కొత్తగా కనిపిస్తుంది. నాకు వెతకడం రాక కాదు. వెతికిన రోజులకు ఈ ఊళ్లో రేటు లేదు. మీకు పెన్షన్ ఉంది, మీరు ఆరు రోజులు సగాలు చేసుకోవచ్చు.

బీచ్‌రోడ్_బుల్లోడు:
ఇప్పుడొచ్చింది అసలు విషయం.

మద్దిలపాలెం_మాస్టారు:
పెన్షన్ సంగతి ఇక్కడెందుకు? అయినా ఆ 300 సంగతి మీరు ముందే చెప్పి ఉంటే నేనా మాట అనేవాణ్ని కాదు. డీటీపీ గారూ, కుడివైపు కింద మూల సంగతి ఇంకా చెప్పలేదు.

డాబాగార్డెన్స్_డీటీపీ:
'టెస్ట్ మోడ్' అని ఉంది సార్. మూడేళ్ల నుంచీ ఉంది, విండోస్ పేరేమో అనుకున్నా. దాచి లాభం లేదు, చెప్పేస్తా. నా తెలుగు టైపింగ్ సాఫ్ట్‌వేర్‌కి అసలైతే యూఎస్‌బీ లాక్, అంటే కొన్నవాళ్లకిచ్చే పెన్‌డ్రైవ్ లాంటి తాళం గుచ్చాలి. నాది స్నేహితుడు వేసిచ్చిన కాపీ, లాక్ అక్కర్లేదు. వాడిప్పుడు దుబాయ్‌లో ఉన్నాడు. ఫార్మాట్ కొడితే మళ్లీ వేసే దిక్కు లేదు. ఆ ఫాంట్లు లేకపోతే పాత ఆర్డర్ల ఫైళ్లన్నీ పిచ్చి గీతలే.

సర్వీస్_బెంచ్_గాజువాక:
ఇదిగో! మొదటిరోజే చెప్పాల్సిన మాట ఆరో రోజున చెప్పాడు. లాక్ లేకుండా తెరుచుకుంటోందంటే, లాక్ ఉన్నట్టు నటించే దొంగ డ్రైవరు ఒకటి కెర్నెల్లో కూర్చుని ఉంటుంది. దానికి అసలైన డిజిటల్ సంతకం ఉండదు కాబట్టి, అలాంటివాటినీ రానిచ్చే టెస్ట్ మోడ్‌లో విండోస్‌ని పెట్టాడు ఆ స్నేహితుడు.

మద్దిలపాలెం_మాస్టారు:
అవును. పాత యాంటీవైరస్‌లో దాని జోలికి వెళ్లొద్దని మీ స్నేహితుడు మినహాయింపు పెట్టి ఉంటాడు. కొత్తదానికి ఎవరూ చెప్పలేదు. ముందు ఫైళ్లన్నీ బయటి డిస్కులోకి కాపీ చేసుకోండి. తర్వాత సేఫ్ మోడ్‌లో కొత్త యాంటీవైరస్ తీసేయండి. కంట్రోల్ ప్యానెల్ నుంచి తీస్తే దాని డ్రైవర్లు మిగిలిపోవచ్చు, ఆ కంపెనీ ఇచ్చే రిమూవల్ టూల్ వాడండి.

డాబాగార్డెన్స్_డీటీపీ:
తీశాను. నాలుగు రోజులైంది, నీలం తెర లేదు. పద్దెనిమిది కార్డులు వెళ్లిపోయాయి. మాస్టారూ, మీకు దండం.

సర్వీస్_బెంచ్_గాజువాక:
దండం తర్వాత. ఆ దొంగ డ్రైవరు ఇంకా లోపలే ఉంది. రేపు విండోస్ అప్‌డేట్‌తో తగువు పెట్టుకుంటుంది. లైసెన్సు, లాక్ కొనుక్కోండి. నేను వచ్చి మినీడంప్ చదివి, ప్రింటర్ డ్రైవరు కూడా చూసి, టెస్ట్ మోడ్ తీసి వెళ్తాను. చూసినందుకు 500. ఏమీ దొరక్కపోయినా 500.

డాబాగార్డెన్స్_డీటీపీ:
దొరక్కపోయినా 500 ఏంటన్నా? 300 చేసుకో.

మద్దిలపాలెం_మాస్టారు:
డబ్బులెందుకు, ఆదివారం నేనొచ్చి ఊరికే చూస్తాను.

సర్వీస్_బెంచ్_గాజువాక:
మాస్టారూ, ఇదిగో, సరిగ్గా దీని గురించే నేను చెబుతున్నది.

సముద్రపుగాలి:
వెళ్లేటప్పుడు ఒక రబ్బరు పట్టుకెళ్లండి.